సభ్యత్వం ఉన్నన్నాళ్లే

మా ఇంట్లో బీమా లేని మనిషి లేడు. బీమా కొన్న మనిషీ చాలాకాలం లేడు. నా పేరున రెండెకరాల పది గుంటల పట్టా ఉంది కాబట్టి రైతుబీమా ఉంది. రైసుమిల్లులో లెక్కలు రాస్తాను, జీతంలో పీఎఫ్ కోత పడుతుంది కాబట్టి దాని వెంట వచ్చే బీమా ఉంది. బ్యాంకు ఖాతా ఉంది కాబట్టి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఉంది. నా భార్య మహిళా సంఘంలో సభ్యురాలు. తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు, వాడి భార్య ఇంట్లో బీడీలు చేస్తుంది. బామ్మర్ది మందమర్రిలో సింగరేణి బొగ్గుబాయి పనికి పోతాడు. వీళ్లందరికీ ఏదో ఒక కార్డు ఉంది, ఆ కార్డు వెంట ఏదో ఒక బీమా ఉంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇలాంటి ఇండ్లు ప్రతి వాడలో కనిపిస్తాయి. వ్యవసాయం, బొగ్గుబాయి, బీడీ, మగ్గం, గల్ఫ్ అన్నీ ఒకే కుటుంబంలో కలిసి ఉండే నేల ఇది.

నలభై దాటాక నా సొంత పైసలతో టర్మ్ పాలసీ తీసుకుంటానని ఇంట్లో చెప్పినప్పుడు బామ్మర్ది అడిగిన మాట సబబైనదే. "గిన్ని బీమాలు ఉండంగ మళ్ల పైసలు పెట్టి ఇంకోటి ఎందుకు బావా?" అన్నాడు. జవాబు నోటితో చెప్పకుండా కాగితం మీద నాలుగు గడులు గీసి రాసిచ్చాను. ఎంత వస్తుంది, ఏ రకం చావుకు వస్తుంది, ఎప్పటిదాకా వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది. మిల్లులో లారీల లెక్క రాసుకునే పొడుగు పుస్తకంలోనే రాశాను. రాస్తుంటే నాకే చాలా సంగతులు తేటపడ్డాయి.

ముందు మొత్తం చూడండి. నేను పోతే రైతుబీమా ఐదు లక్షలు, పీఎఫ్ బీమా ఏడు లక్షలు, జీవన్ జ్యోతి రెండు లక్షలు. అన్నీ కలిపి పద్నాలుగు లక్షలు. వినడానికి పెద్ద మొత్తమే. మా ఇంటి ఖర్చు నెలకు 25 వేలు. పద్నాలుగు లక్షలను దానితో భాగిస్తే 56 నెలలు, అంటే నాలుగేండ్ల ఎనిమిది నెలలు. అప్పటికి నా చిన్నబిడ్డ ఇంటర్ కూడా దాటదు. పైగా ఇంటి లోను బాకీ ఆరు లక్షలు ఇందులోంచే పోవాలి.

అయితే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మూడో గడి, ఎప్పటిదాకా అన్నది. జీవన్ జ్యోతి 55 ఏండ్లకు ఆగిపోతుంది. మిల్లు కొలువు 58కి అయిపోతే పీఎఫ్ బీమా దానితోనే పోతుంది. రైతుబీమా 59 దాకానే. మనిషి పోయే అవకాశం ఏటేటా పెరుగుతున్న వయసులోనే ఈ బీమాలు ఒక్కొక్కటీ రాలిపోతాయి. అది కూడా నేను కొలువు మారకుండా, భూమి అమ్మకుండా, ఖాతాలో పైసలు తక్కువ పడకుండా ఉంటేనే. మిల్లు మూతపడితే 45కే పోవచ్చు.

దీనికి కారణం ఏ అధికారి చెడ్డతనమూ కాదు. బృంద బీమా అంటేనే అంత. ఎల్ఐసీ లాంటి సంస్థ ఒప్పందం చేసుకునేది నాతో కాదు. రైతుబీమాలో ప్రభుత్వంతో, జీవన్ జ్యోతిలో బ్యాంకుతో చేసుకుంటుంది. దాన్ని మాస్టర్ పాలసీ అంటారు. నేను అందులో ఒక పేరును, అంతే. షరతులు మార్చేదీ, కొనసాగించేదీ, ఆపేదీ వాళ్లు. కిరాయి ఇంట్లో ఉన్నట్టే. ఉన్నన్ని రోజులు వానకు తడవం, కానీ ఇల్లు మనది కాదు.

మా అవ్వకు ఇది అనుభవమే. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అభయహస్తం పథకం మొదలైనప్పుడు సంఘంలోని ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి చొప్పున ఏడాదికి 365 కట్టారు. సర్కారు తన వంతుగా అంతే కలిపేది. అరవై దాటాక నెలకు కనీసం 500 పింఛను, ఈలోపు సహజంగా చనిపోతే 30 వేలు, ప్రమాదంలో పోతే 75 వేలు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు ఏడాదికి 1,200 స్కాలర్‌షిప్. మంచి పథకం. పేద ఆడవాళ్ల కోసం అంత ఆలోచించి కట్టిన పథకం అప్పటిదాకా నేను చూడలేదు. తెలంగాణ వచ్చాక అది నడవలేదు. ఆసరా పింఛన్లు వచ్చాయి, ఇది మూలకు పడింది. కట్టిన డబ్బు వడ్డీతో వాపసు ఇస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది. కట్టింది తిరిగి రావడం న్యాయమే, కానీ అరవై దాటాక వచ్చే పింఛను లెక్కేసుకున్న మనిషికి ఆ వాపసు సరితూగదు. ఆమ్ ఆద్మీ బీమా కూడా ఇంతే, 2017లో దాన్ని జీవన్ జ్యోతిలో కలిపేశారు. అందుకే నాకు రూపాయి ఖర్చు లేకుండా వచ్చే బీమాను ఉన్నన్ని రోజులు పూర్తిగా వాడుకుంటాను, కానీ పిల్లల చదువు లెక్కలో దాన్ని వేయను.

వాడుకోవడం అంటే ఊరికే కాదు, దానికీ కొంత నిర్ణయం కావాలి. మా భూమి సంగతి చెబుతాను.

రైతుబీమా 2018 ఆగస్టులో మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో రైతు పేరున ప్రభుత్వం ఎల్ఐసీకి కట్టిన ప్రీమియం జీఎస్టీతో కలిపి 2,271 రూపాయల 50 పైసలు. 18 నుంచి 59 ఏండ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీ ఖాతాలో ఐదు లక్షలు పడతాయి. పది రోజుల్లో ఇవ్వాలన్నది నియమం. గుంట భూమి ఉన్నా ఐదు లక్షలే, పదెకరాలు ఉన్నా ఐదు లక్షలే. మనిషికి ఒక్క పాలసీనే. ఈ ఒక్క వాక్యంలో చిన్న రైతుకు ఎంత మేలుందో మా ఊళ్లో జనం తొందరగానే పట్టుకున్నారు.

మా బాపు ఈ పథకం రాకముందే పోయాడు. భూమి ఐదెకరాల పది గుంటలూ విరాసత్‌లో అవ్వ పేరున ఎక్కింది. అవ్వకు అరవై దగ్గర పడ్డాయి. అంటే ఐదెకరాలున్న ఇంట్లో త్వరలో ఒక్కరికీ రైతుబీమా ఉండదు. అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. రెండెకరాల పది గుంటలు నా పేరున గిఫ్టు చేసింది. తమ్ముడి వంతు రెండెకరాలు వాడి పేరున కాకుండా మరదలి పేరున ఎక్కించాం. వాడు దుబాయ్‌లో ఉంటాడు, సంతకాలకు దొరకడు. ఊళ్లో ఉండి పొలం చూసుకునేది ఆమె. తమ్ముడు ఫోన్‌లోనే, "ఎవరి పేరునైతే ఏంది అన్నా, ఇంట్లనే ఉంటది గదా" అన్నాడు. ఎకరం మాత్రం అవ్వ పేరునే ఉంచాం. ఆ ఎకరం గురించి కొందరు చుట్టాలు నవ్వారు. అవ్వ వయసుకు బీమా రాదు గదా, ఎందుకు ఉంచారు అని. బీమా కోసం తల్లి చేతిలో గుంట భూమి లేకుండా చేయడం నాకు సమ్మతం కాలేదు. ఆమె పేరున పాస్‌బుక్కు ఉంటే ఆమె మాటకు ఇంట్లో ఉండే బరువే వేరు.

ఇలా పట్టాలు పంచుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. రైతుబీమా ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది. కొత్తగా పాస్‌బుక్కు వచ్చినవాళ్లను తహసీల్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ కాగానే ఎవరూ చేర్చరు. మనమే ఆధార్, పాస్‌బుక్కు, నామినీ ఆధార్ జిరాక్సులు పట్టుకుని వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికి పోవాలి. గడువు దాటితే మళ్లీ వచ్చే ఆగస్టే. ఈలోపు మనిషికి ఏమైనా అయితే పాస్‌బుక్కు చూపించి లాభం లేదు.

ఇంకొకటి ఆధార్‌లో పుట్టిన తేదీ. మా వైపు పెద్దవాళ్లలో చాలామందికి జనవరి ఒకటే పుట్టినరోజు. ఆధార్ తీసేటప్పుడు వయసెంత అని అడిగితే "నలభై, యాభై రాసుకోండ్రి" అన్నారు, వాళ్లు అట్లనే రాసుకున్నారు. మా చిన్నాయినకు ఆధార్ ప్రకారం అరవై నిండినాయి, బడి రిజిస్టర్ ప్రకారం నిండలేదు. రైతుబీమా చూసేది ఆధార్‌నే. బడిలో చదివినవాళ్లు సర్టిఫికెట్ పెట్టి ముందే సరిచేయించుకోవచ్చు. అరవై దగ్గర పడ్డాక సరిచేసుకుంటానంటే అనుమానంగా చూస్తారు. వాళ్లనూ తప్పు పట్టలేం.

ఆదిలాబాద్ వైపు పోడు పట్టాలు వచ్చిన గిరిజన రైతులు కూడా ఇందులో ఉన్నారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడే వాళ్లకు రైతుబీమా వర్తిస్తుందని చెప్పారు. లేనిది కౌలు రైతుకు. మా ఊళ్లో సగం పొలాల్లో నాటు వేసేది, మందు కొట్టేది, రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటరు వేయడానికి పోయేది కౌలు రైతే. పట్టా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఆయన పేరున ఉంటుంది, ఐదు లక్షల బీమా కూడా ఆయన పేరుననే ఉంటుంది. ఈ పథకాన్ని ఎంత మెచ్చుకున్నా ఈ లోపాన్ని మాత్రం మెచ్చుకోలేం.

రాత్రి మోటరు మాట వచ్చింది కాబట్టి రెండో గడి, ఏ రకం చావుకు అన్నది చెబుతాను. రైతుబీమాకు, జీవన్ జ్యోతికి చావు ఎట్లా వచ్చిందన్నది అడ్డు కాదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా మాత్రం ప్రమాదానికే. రెండు లక్షలు ఇస్తుంది, కానీ అది ప్రమాదమని కాగితం చూపించాలి. రోడ్డు మీద పోతే, నీళ్లలో పోతే పోలీసు కాగితం, పోస్టుమార్టం రిపోర్టు కావాలి. పాము కుట్టినా, చెట్టు మీదినుంచి పడినా వెంటనే దవాఖానాలో చూపించిన రికార్డు ఉండాలి. మా దిక్కు పాము కుట్టిన మనిషిని ముందు మంత్రం వేసేవాని దగ్గరికి తీసుకుపోతారు. దవాఖానాకు పోయేలోపు ప్రాణం పోతే అటునుంచి అటే ఇంటికి తెచ్చి, "ఉన్న మనిషే పోయిండు, కోసుడెందుకు" అని దహనం చేస్తారు. బంధువుల బాధ నాకు అర్థమవుతుంది. కానీ తెల్లారి బ్యాంకుకు పోతే వాళ్ల చేతిలో ఉండేది ఒక్క పంచాయతీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం. దానితో జీవన్ జ్యోతి వస్తుంది, సురక్ష రాదు.

గల్ఫ్‌కు పోయేవాళ్ల విషయంలో ఇది మరీ కఠినం. పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చే పాస్‌పోర్టుతో గల్ఫ్ పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. బీమా పది లక్షలు. మా తమ్ముడు పోయేటప్పుడు ఏజెంటు వాడి చేతిలో పెట్టిన కాగితాల కట్టలో ఈ సర్టిఫికెట్ కూడా ఉంది. "పది లక్షలన్నా" అని వాడు గొప్పగా చూపించాడు. చదివి చూస్తే పది లక్షలు ప్రమాదంలో పోతేనే, లేదా ప్రమాదంతో పని చేయలేనంత అంగవైకల్యం వస్తేనే. శవాన్ని తెప్పించే ఖర్చు లాంటి మరికొన్ని లాభాలు ఉన్నాయి, బాగున్నాయి. కానీ జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లకు గల్ఫ్ నుంచి వచ్చే పెట్టెల్లో ఎన్నిటి వెంట గుండెపోటు అన్న కాగితం వస్తుందో ఆ ఊళ్లవాళ్లను అడగండి. ఎండలో పన్నెండు గంటలు పని, ఒక్క గదిలో పది మంది, అప్పు దిగులు. మూడు పదుల వయసులో నిద్రలో పోతారు. ఆ చావుకు ఈ బీమా వర్తించదు.

దానికి తోడు గడువు. మూడేండ్లకు తీసుకున్న కాగితం మూడేండ్లకే చెల్లుతుంది, మనుషులు అక్కడ పదేండ్లు ఉంటారు. రెన్యువల్ ఆన్‌లైన్లోనే చేసుకోవచ్చు, కానీ గుర్తు చేసేవాళ్లుండరు. విజిట్ వీసా మీద పోయినవాళ్లకైతే ఈ బీమా మొదటినుంచే ఉండదు. 2024లో దుబాయ్‌లోని భారత కాన్సులేట్ చొరవతో అక్కడి కంపెనీల ద్వారా సహజ మరణానికి కూడా వర్తించే బృంద బీమా వచ్చింది, ప్రీమియం ఏడాదికి కొన్ని పదుల దిర్హమ్‌లే. తమ్ముణ్ని కంపెనీలో అడగమన్నాను. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి ఐదు లక్షల సాయం ఇవ్వాలని 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. అది సాయం, బీమా కాదు. ప్రభుత్వం ఇస్తే తీసుకోవాలి గానీ దాన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు. తమ్ముడి పేరున కూడా ఒక టర్మ్ పాలసీ తీసుకున్నాం. వాడు ఎక్కడ పని చేస్తాడో, ఏం పని చేస్తాడో దాచకుండా రాయించాం.

ఇప్పుడు పీఎఫ్ బీమా. చాలామంది జీతగాళ్లకు తమకు ఇది ఉందన్న సంగతే తెలియదు, ఎందుకంటే జీతంలోంచి దీనికి పైసా కోయరు. 1976 నుంచి ఉన్న ఈడీఎల్ఐ ఇది. యజమానే జీతంలో అర శాతం కడతాడు, 15 వేల పరిమితితో. సభ్యుడు కొలువులో ఉండగా పోతే చివరి 12 నెలల సగటు జీతానికి 35 రెట్లు ఇస్తారు, జీతం 15 వేలు దాటినా 15 వేలే లెక్క. అంటే ఐదు లక్షల పాతిక వేలు. దానికి చివరి 12 నెలల్లో పీఎఫ్ ఖాతాలో ఉన్న సగటు నిల్వలో సగం కలుపుతారు, గరిష్ఠం లక్షా 75 వేలు. రెండూ కలిపి ఏడు లక్షలు.

ఆ రెండో భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంటి మీద స్లాబు వేసేటప్పుడు పీఎఫ్‌లోంచి మూడు లక్షలు తీద్దామని నేను కూడా అనుకున్నాను. అప్పటికి ఖాతాలో దాదాపు నాలుగు లక్షలు ఉన్నాయి. తీస్తే లక్ష మిగులుతుంది. ఏడాది గడిచాక నా బీమా లెక్కలో లక్షా 75 వేల చోట 50 వేలే పడుతుంది. అంటే మూడు లక్షలు తీసినందుకు లక్షా పాతిక వేల బీమా కూడా పోతుంది, వడ్డీ నష్టం సరే సరి. స్లాబుకు బంగారం కుదువ పెట్టి ఏడాదిన్నరలో విడిపించాను. మా ఆవిడకు ఆ లెక్క నచ్చలేదు. ఆమె మెడ ఖాళీ అయింది కాబట్టి నచ్చకపోవడంలో తప్పేమీ లేదు.

మరదలి లెక్క వేరు. బీడీలు ఇంట్లో చేసే ఆడవాళ్లకు కూడా పీఎఫ్ ఉండాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కాబట్టి బీడీ కంపెనీలో పీఎఫ్ నంబరు ఉన్న ప్రతి ఆడమనిషికీ ఈ బీమా ఉంటుంది. కానీ కూలి చాట మీద చేసిన బీడీల లెక్క. కంపెనీ పని దినాలు తగ్గిస్తే సగటు పడిపోతుంది. నెలకు నాలుగు వేల సగటు అనుకుంటే 35 రెట్లు లక్షా 40 వేలు, ఖాతాలో 60 వేలుంటే సగం 30 వేలు, మొత్తం లక్షా 70 వేలు. అయితే ఏడాది పాటు తెగకుండా పనిలో ఉన్నవాళ్లకు కనీసం రెండున్నర లక్షలు ఇవ్వాలని నిబంధన ఉంది. ఆమెకు ఆసరా ఆ నిబంధనే. తునికాకు తక్కువ ఇస్తున్నారని, పని గిట్టుబాటు కావడం లేదని మధ్యలో కార్డు వదిలేసేవాళ్లు తమకు తెలియకుండానే రెండున్నర లక్షల బీమాను కూడా వదిలేస్తున్నారు. నేనైతే మరదలితో, "రోజుకు ఐదు వందల బీడీలే చెయ్యి, కానీ కార్డు మాత్రం తెగనియ్యకు" అన్నాను.

అవ్వ బీడీ పింఛను కాగితాలు పెట్టేటప్పుడు ఆమె పాత కార్డు మీద లచ్చవ్వ అని, ఆధార్ మీద లక్ష్మి అని ఉంది. ఇంటిపేరు ఒకదాని మీద పుట్టింటిది, ఒకదాని మీద అత్తింటిది. ఇద్దరూ ఒక్కరేనని నిరూపించడానికి కంపెనీ సంతకంతో ఉమ్మడి డిక్లరేషన్ పెట్టాల్సి వచ్చింది. అవ్వ ఉంది కాబట్టి పోయి సంతకం పెట్టింది, వేలిముద్ర వేసింది. మనిషి పోయాక ఆ పని ఎవరు చేస్తారు? అందుకే మరదలి కార్డు మీద పేరు ఇప్పుడే ఆధార్‌తో సరిచేయించాం. నామినీ సంగతి కూడా చూసుకోవాలి. పెండ్లికి ముందు పీఎఫ్‌లో రాసిన నామినేషన్ పెండ్లి కాగానే చెల్లదు, మళ్లీ రాయాలి. కొలువులో చేరిన కొత్తలో తల్లి పేరో తమ్ముడి పేరో రాసి మర్చిపోయినవాళ్లు మా మిల్లులోనే సగం మంది. ఇప్పుడు ఫోన్‌లోనే ఈ-నామినేషన్ చేయవచ్చు, ఫొటో, ఆధార్ ఉంటే చాలు.

సింగరేణివాళ్ల సంగతి నేను విప్పి చెప్పనక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో జీతం ఖాతా ఉన్న బ్యాంకు ద్వారా కోటి రూపాయల ప్రమాద బీమా వచ్చింది. బాయిలో ప్రాణానికి ఆ రక్షణ అవసరమే. మా బామ్మర్ది అందరికీ ఆ కోటి గురించే చెబుతాడు. అది ప్రమాదానికి, జీతం ఆ ఖాతాలో పడుతున్నన్ని రోజులకు. వాడికి షుగరు ఉంది. ఆ మాట మాత్రం చెప్పడు.

మా ఆవిడ సంఘంలో 2024 నుంచి రెండు లాభాలు ఉన్నాయి. ప్రమాదంలో పోతే పది లక్షలు, ఏ విధంగా పోయినా రెండు లక్షల దాకా లోను మాఫీ. రెండోది కుటుంబం చేతికి రాదు, అప్పుకు పోతుంది. దాని విలువ వేరు. అప్పు సంఘం మీద పడదు, తోటి ఆడవాళ్లు గడపలోకి రారు. ఇంటి లోను తీసుకునేటప్పుడు బ్యాంకువాళ్లు కూడా ఇలాంటి బృంద బీమా ఒకటి చూపించారు. మొత్తం ప్రీమియం ఒకేసారి లోనులోనే కలుపుతారు, దాని మీద ఇరవై ఏండ్లు వడ్డీ కడతాం. బాకీ తగ్గుతున్నకొద్దీ బీమా తగ్గుతుంది. వద్దన్నాను. తీసుకోకపోతే లోను ఇవ్వమనే అధికారం వాళ్లకు లేదు. ఆ ఆరు లక్షలను నా టర్మ్ పాలసీ లెక్కలోనే వేసుకున్నాను.

ఇంటి ఖర్చు ఏడాదికి మూడు లక్షలు, పదిహేనేండ్లకు 45 లక్షలు, లోను ఆరు లక్షలు. 50 లక్షల పాలసీ తీసుకున్నాను, అరవై ఏండ్ల దాకా. ఫారంలో బీపీ గోలీ వేసుకుంటానని రాశాను. రక్త పరీక్ష చేసి ప్రీమియం కొంచెం పెంచారు, అయినా ఏడాదికి పన్నెండు వేల లోపే. ఏజెంటు, "రాయకున్నా నడుస్తది సార్" అన్నాడు. నడిచేది నేను బతికున్నన్ని రోజులే అని రాయించాను. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరున చేయించాను, రేపు నా అప్పులవాళ్లు ఆ డబ్బు మీద చేయి వేయలేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలా సొంతంగా తీసుకునే పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. బృంద బీమా మీద 18 శాతం అలాగే ఉంది.

బృంద బీమాకు సొంత పాలసీలో లేని ఒక మంచి గుణం ఉంది. అది ఆరోగ్యం అడగదు. మా చిన్నాయిన కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు పోతున్నాడు. ఏ కంపెనీ ఆయనకు టర్మ్ పాలసీ ఇవ్వదు. ఆయనకు పట్టా ఉన్నందుకు, ఆధార్ లెక్కన 59 లోపు ఉన్నన్నాళ్లు రైతుబీమా ఉండింది. పేదవాడికి, జబ్బు మనిషికి ఉన్న ఒక్క బీమా అదే అయినప్పుడు దాన్ని ఉచిత పథకమని తేలిగ్గా మాట్లాడే పట్నంవాళ్లతో నేను ఏకీభవించను. ఆరోగ్యం బాగుండి, నెలకు వెయ్యి రూపాయలు మిగిలే నాలాంటివాడు మాత్రం దాన్నే నమ్ముకుని కూర్చోవడం లెక్క తెలియనితనం.

మీకు జీవన్ జ్యోతి ఉందనుకుంటున్నారా? బ్యాంకుకు పోయి పాస్‌బుక్కు ప్రింట్ వేయించండి. మే నెలాఖరులో, లేదా జూన్ మొదట్లో 436 రూపాయల కోత ఒకటి, 20 రూపాయల కోత ఒకటి కనిపించాలి. యాభై ఏండ్లు నిండేలోపు చేరినవాళ్లే 55 దాకా కొనసాగగలరు. మధ్యలో తెగి మళ్లీ చేరితే మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప వర్తించదు. చాలామందికి ఆ రోజు ఖాతాలో 456 రూపాయలు లేక కోత పడలేదు, బ్యాంకు ఎస్ఎంఎస్ ఎవరూ చదవలేదు. ఆ రెండు లైన్లు మీ పాస్‌బుక్కులో లేకపోతే ఆ నాలుగు లక్షల బీమా మీకు లేదు.